అర ఎకరం మేత మడి: విత్తనం కంటే ముందు సున్నం

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను, ఇదే ఇబ్బంది ఉన్న ఇంకొకరికీ పనికొస్తుంది. అమెరికాలోని మధ్య జార్జియాలో 22 ఎకరాల పైన్ అడవి కొన్నారు. కలప నరికినప్పుడు లారీలు ఎక్కించడానికి చదును చేసిన అర ఎకరం జాగా మధ్యలో ఖాళీగా ఉంది. వేటకు జింకలను రప్పించే మేత మడి చేద్దామని పోయిన సెప్టెంబరులో జింక బొమ్మ ఉన్న విత్తనాల సంచి కొని చల్లారు. మొలిచింది, వేలెడెత్తు పెరిగింది, పచ్చదనం పోయి పసుపెక్కింది, క్రిస్మస్ నాటికి నేల బోసిపోయింది. ఈసారి ఏ కంపెనీ విత్తనం కొనాలని అడుగుతున్నారు.

ఏ కంపెనీదైనా ఆ నేలలో అదే అవుతుంది. మీరు చెప్పిన లక్షణాలన్నీ ఆమ్ల నేలవి, గట్టిపడిన నేలవి. విత్తనం మాట చివర్లో వస్తుంది. ముందు ఈ మడి నుంచి ఏం ఆశించాలో తేల్చుకోవాలి.

అర ఎకరం అంటే మన లెక్కలో 50 సెంట్లు, లేదా 20 గుంటలు. తెల్లతోక జింక, అంటే వైట్‌టెయిల్, కొన్ని వందల ఎకరాల్లో తిరిగే జంతువు. మీ 22 ఎకరాలు దాని తిరుగుడులో ఒక మూల మాత్రమే. ఎదిగిన జింక రోజుకు తన బరువులో సుమారు 6 నుంచి 8 శాతం పచ్చిమేత తింటుంది. 120 పౌండ్ల పెంటిజింక 7 నుంచి 10 పౌండ్లు మేస్తుందన్నమాట. రాత్రికి ఎనిమిది పది జింకలు దిగితే అప్పుడే మొలిచిన అర ఎకరం రెండు వారాల్లో నున్నగా అయిపోతుంది. కాబట్టి ఈ మడి మందను పోషించదు. పగటి వెలుగులో జింక మీ భూమి మీదుగా నడవడానికి ఒక కారణం కల్పిస్తుంది, అంతే. ఈ సంగతి ఒప్పుకుంటే రెండు నిర్ణయాలు వాటంతట అవే వస్తాయి. కొరికినా మళ్లీ చిగురించే పంటే వేయాలి. మడికి మీరు వచ్చి పోయే దారిని పంటతో సమానంగా ఆలోచించాలి.

ఇక ఆ చదును జాగా. లారీలూ లోడర్లూ తిరిగిన నేల అడుగున రాయిలా బిగుసుకుని ఉంటుంది. వాన పడ్డ మరుసటి రోజు ఒక సన్నని ఇనుప ఊచను చేత్తో గుచ్చి చూడండి. పక్కనున్న అడవి నేలలో అడుగు లోతు దిగి, మడిలో మూడు నాలుగు అంగుళాల దగ్గర ఆగిపోతే గట్టిపొర ఉన్నట్టే. ట్రాక్టరుకు ఒంటి కర్రు సబ్‌సాయిలర్ తగిలించి 12 నుంచి 14 అంగుళాల లోతున, రెండేసి అడుగుల ఎడంతో ఒకసారి నిలువునా ఒకసారి అడ్డంగా చీల్చించండి. నేల పొడిగా ఉన్నప్పుడే ఈ పని చేయించాలి. తడిగా ఉంటే కర్రు జారుకుంటూ పోతుంది, బంకమట్టి పగలకుండా గోడలా నున్నబడుతుంది, పెట్టిన డబ్బు వృథా. కుప్పలుగా మిగిలిన బెరడు, కొమ్మలు మడిలో కలిపి దున్నకండి. చివికే కలప నేలలోని నత్రజనిని లాగేసుకుంటుంది. పక్కకు తోయించండి.

మడిని ఇంకా పెద్దది చేయించే ఆలోచన ఉంటే బుల్‌డోజర్ నడిపే మనిషికి ఒకటికి రెండుసార్లు చెప్పండి: నేరుగా బ్లేడు పెట్టి తోయొద్దు, వేళ్లు ఏరే రూట్ రేక్ వాడమని. పీడ్‌మాంట్ అనే ఈ ప్రాంతపు ఎర్రమట్టి మీద సారవంతమైన పైమట్టి కొద్ది అంగుళాలే ఉంటుంది. బ్లేడు దాన్ని మొద్దులతో సహా అంచుకు గెంటేస్తే మీకు మిగిలేది ఇటుక చేసుకునే మట్టి. పైమట్టి పోయిన మడిని బాగుచేయడానికి ఏళ్లు పడుతుంది. ఎన్ని మడులు చూసినా డబ్బుతో పూడ్చలేని నష్టం ఇదొక్కటే.

ఎండ రోజుకు కనీసం 5, 6 గంటలు నేరుగా పడాలి. అంచు చెట్ల నుంచి 20, 30 అడుగుల వరకు పంట ఎప్పుడూ నీరసంగానే ఉంటుంది, వేళ్లు నీళ్లు లాగేస్తాయి కాబట్టి. అందుకే అంచు పైన్లను ఒక వరస తీయించడం మరో సంచి విత్తనం కంటే ఎక్కువ పని చేస్తుంది. ఆకారం విషయానికొస్తే చతురస్రం కంటే పొడుగాటి మడి మేలు. 70 అడుగుల వెడల్పు, 310 అడుగుల పొడవు ఉంటే దాదాపు అర ఎకరం. విల్లుతో వేటాడేవారికి అడ్డంగా మడి అవతలి అంచు కూడా 25 గజాల లోపే ఉంటుంది. మధ్యలో కాస్త సన్నబడేట్టు వదిలితే జింకలు ఆ సన్నటి చోటు మీదుగానే అటూ ఇటూ దాటుతాయి.

భూసార పరీక్ష లేకుండా ఒక్క సంచి కూడా కొనకండి. జార్జియాలో కౌంటీలకు రైతులకు సలహాలిచ్చే విశ్వవిద్యాలయపు ఎక్స్‌టెన్షన్ కార్యాలయాలున్నాయి. అక్కడ మట్టి ఇస్తే ఏథెన్స్‌లోని ల్యాబుకు పంపుతారు, ఖర్చు కొద్ది డాలర్లే. మడిలో 10 నుంచి 15 చోట్ల 6 అంగుళాల లోతు వరకు మట్టి తీసి ప్లాస్టిక్ బకెట్టులో కలిపి, అందులోంచి ఒక దోసెడు ఇవ్వాలి. గాల్వనైజ్డ్ బకెట్టు వాడితే జింకు లోహం లెక్క తప్పుతుంది. ఫారంలో ఏ పంట అన్నచోట క్లోవర్ (బర్సీం లాంటి మేత మొక్క) అని రాయండి. పంట పేరు లేకుండా పంపితే అంకెలొస్తాయి గానీ ఏం వేయాలో రాదు.

ఆ కాగితంలో మొదట చూడాల్సింది పీహెచ్, అంటే నేల ఆమ్లతను చెప్పే అంకె; అది ఎంత తక్కువైతే ఆమ్లం అంత ఎక్కువ. ఎన్నడూ సున్నం ఎరగని పైన్ నేల 5 దగ్గరో అంతకంటే కిందో ఉండడం మామూలే. మనకు కావలసింది 6.0 నుంచి 6.5. పీహెచ్ 5.5 కంటే దిగితే మట్టిలోని అల్యూమినియం కరిగి వేరు కొసలను కాల్చేస్తుంది, వేరు పొట్టిగా మొద్దుగా ఉండిపోతుంది. మీరు వేసిన భాస్వరాన్ని ఎర్రమట్టిలోని ఇనుము, అల్యూమినియం పట్టేసుకుంటాయి. క్లోవర్ వేరుమీద ఉండాల్సిన రైజోబియం బుడిపెలు, అంటే నత్రజని తయారుచేసే బాక్టీరియా ఉండే ఉబ్బులు, కట్టవు. మీ మొక్కలు పసుపెక్కడం ఇదే. ఈసారి అలా కనిపిస్తే ఒక మొక్కను పారతో మట్టితో సహా పెళ్లగించి, వేరు కడిగి, బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల గులాబీ రంగు ఉంటే నత్రజని తయారవుతున్నట్టు. తెల్లగా ఉంటే బుడిపె ఉన్నా పని లేదు. అసలు బుడిపెలే లేకపోతే పీహెచ్ అయినా కారణం, విత్తనానికి ఆ బాక్టీరియా కల్చర్ పట్టించకపోవడమైనా కారణం.

ఎకరానికి 2 టన్నుల సున్నం అని రిపోర్టు వచ్చిందనుకుందాం, ఇలాంటి నేలకు అది అరుదైన అంకె కాదు. అర ఎకరానికి ఒక టన్ను, అంటే 2,000 పౌండ్లు. 40 పౌండ్ల గుళికల సున్నం సంచులు 50. చాలామంది ఇక్కడే ఆగి, పది సంచులు చల్లి సున్నం వేశామనుకుంటారు. గుళికల రకం సన్నగా నూరినది కాబట్టి కాస్త త్వరగా పనిచేస్తుందన్నది నిజం. నాలుగో వంతు వేస్తే చాలన్న ప్రచారం మాత్రం నమ్మకండి. ఆమ్లాన్ని విరవడానికి కావలసిన కాల్షియం కార్బొనేటు బరువు గుళికలో ఉన్నా పొడిలో ఉన్నా ఒకటే. లారీ లోపలికి రాగలిగితే వ్యవసాయ సున్నం టన్నుల లెక్కన చాలా చవక. అడవిలో మూల మడికి లారీ రాదు కాబట్టే సంచులు. ఒక్క ఏడాదిలో 50 సంచులు మోయలేమంటే రెండేళ్లకు పంచుకోండి, రెండో సగం మానేయకండి.

ఒక హెచ్చరిక. ఇంటి దగ్గర వేరుశనగకు జిప్సం వేసిన అలవాటుతో ఇక్కడా జిప్సం కొనేవాళ్లున్నారు. జిప్సం కాల్షియం, గంధకం ఇస్తుంది, పీహెచ్ పెంచదు. సంచి మీద కాల్షియం కార్బొనేట్ లేదా డోలమైట్ (మెగ్నీషియం కూడా ఉన్న సున్నం) అని ఉండాలి. రిపోర్టులో మెగ్నీషియం తక్కువని ఉంటే డోలమైటే తీసుకోండి.

సున్నం పైన చల్లి వదిలేస్తే ఏడాదికి ఒకటి రెండు అంగుళాలు దిగినా గొప్పే. మొదటి ఏడాది డిస్కుతో 5, 6 అంగుళాల లోతున కలపాలి. కలిపాక కూడా పనిచేయడానికి 3 నుంచి 6 నెలలు, తేమ కావాలి. సెప్టెంబరు చివర విత్తాలంటే సున్నం ఏప్రిల్, మే నెలల్లోనే నేలలో పడాలి. విత్తేరోజు వేసిన సున్నం ఆ ఏడాది పంటకు అక్కరకు రాదు.

వేసవిలో మడిని ఖాళీగా ఉంచితే కలుపు, మట్టి కోత రెండూ మిగులుతాయి. సున్నం కలిపిన వెంటనే అర ఎకరానికి 25 పౌండ్ల బక్‌వీట్ చల్లి పైపైన కప్పండి. నెల తిరిగేసరికి పూతకొచ్చి కలుపును కప్పేస్తుంది. గింజ కట్టకముందే కోసి వదిలేయండి.

కలుపు సంగతి. మీకు బాధ పెట్టేవి తెలిసిన మొక్కలే. అమెరికాలో బెర్ముడా అని పిలిచేది మన గరికే. తుంగ ఉంటుంది. మన తగిరిసకు దగ్గరి చుట్టం సికిల్‌పాడ్ ఉంటుంది. గరికను దున్ని చంపలేరు, ముక్కముక్కా ఓ మొక్కవుతుంది. పచ్చగా, జోరుగా పెరుగుతున్నప్పుడే గ్లైఫోసేట్ కొట్టాలి. ఆగస్టు మధ్యలో ఒకసారి, మూడు వారాల తర్వాత తిరిగి చిగురించినదాని మీద మరోసారి. 41 శాతం మందు అయితే ఎకరానికి 2 క్వార్టులు, అంటే 64 ఔన్సులు, సాధారణంగా వాడే మోతాదు. మీ డబ్బా లేబుల్ మీద ఉన్నదే తుది మాట, అమెరికాలో లేబుల్‌ను మీరడం చట్టాన్ని మీరడమే. చేతి తొడుగులు, కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి.

వీపు స్ప్రేయర్‌తో కొట్టేవారు గుడ్డి లెక్కన మూతలు కొలిచి పోస్తారు. సగం మడులు కలుపుతో పోయేది అందుకే. కొలత సులువు. పద్దెనిమిదిన్నర అడుగుల చతురస్రం, అంటే 340 చదరపు అడుగులు గుర్తు పెట్టి, మామూలు నడకతో మంచినీళ్లు కొట్టండి. ఎన్ని ఔన్సుల నీళ్లు ఖర్చయ్యాయో మీ స్ప్రేయర్ ఎకరానికి అన్ని గ్యాలన్లు కొడుతున్నట్టు. ఆ స్థలం ఎకరంలో 128వ వంతు, ఔన్సు గ్యాలనులో 128వ వంతు, అందుకే లెక్క సరిపోతుంది. 30 ఔన్సులు వచ్చాయనుకోండి, ఎకరానికి 30 గ్యాలన్లు. 4 గ్యాలన్ల ట్యాంకు 0.13 ఎకరానికి వస్తుంది, కాబట్టి ఎకరానికి 2 క్వార్టుల లెక్కన ట్యాంకుకు ఎనిమిదిన్నర ఔన్సుల మందు. అర ఎకరానికి నాలుగు ట్యాంకుల కంటే కొంచెం తక్కువ.

రెండో పిచికారీ తర్వాత లోతుగా దున్నకండి. దున్నితే అడుగునున్న కలుపు విత్తనం పైకొస్తుంది, మళ్లీ మొదటికొస్తుంది. పైపైన రెండంగుళాలు గీకితే చాలు.

ఎరువు రిపోర్టు చెప్పినంతే. రిపోర్టు చేతికి రాకముందు అంచనా కావాలంటే ఎకరానికి 300 పౌండ్ల 10-10-10 (నత్రజని, భాస్వరం, పొటాష్ పదేసి శాతం), అంటే అర ఎకరానికి 50 పౌండ్ల సంచులు మూడు. క్లోవర్ ఉన్న మడికి యూరియా పోయాలన్న ఆత్రం వద్దు. నత్రజని ఎక్కువైతే గోధుమ, గడ్డి క్లోవర్‌ను కప్పేస్తాయి, క్లోవర్ తన బుడిపెలను నిర్లక్ష్యం చేస్తుంది.

ఇప్పుడు విత్తనం. ముందు ఏం వద్దో చెప్తాను. సోయా, అలసంద, అనుము, జనుము, ఈ నాలుగూ ఇక్కడి జింకల మడుల్లో వేస్తారు, మాంసకృత్తులకు గొప్పవి కూడా. మన జనుము విత్తనం ఇక్కడ సన్ హెంప్ పేరుతో, అనుము ల్యాబ్‌ల్యాబ్ పేరుతో దొరుకుతుంది. కానీ వీటికి ఎదిగే మొన తలలో ఉంటుంది. రెండు ఆకుల దశలో జింక తల కొరికితే మొక్క పోయినట్టే. అయిదారు ఎకరాల్లో అయితే జింకలు తిన్నంత తిన్నా మిగులుతుంది. అర ఎకరంలో మిగలదు. తప్పదంటే కరెంటు కంచె వేయాలి: బయట 18 అంగుళాల ఎత్తున ఒక తీగ, దానికి 3 అడుగులు లోపల 10, 24 అంగుళాల ఎత్తుల్లో రెండు తీగలు. జింక ఎత్తు సులువుగా దూకుతుంది, ఎత్తుతో పాటు ఎడం కూడా ఉంటే తటపటాయిస్తుంది. ఆరు వారాలు కాపాడి తెరిస్తే పంట నిలుస్తుంది. మొదటి ఏడాదికి ఈ తలనొప్పి అవసరం లేదని నా అభిప్రాయం.

గోధుమ, ఓట్స్ జాతులకు ఎదిగే మొన నేల మట్టంలో ఉంటుంది. క్లోవర్‌కూ అంతే. కొరికిన కొద్దీ చిగురిస్తాయి. మీ అర ఎకరానికి నేను వేయమనే మిశ్రమం ఇది:

ఓట్స్ 15 పౌండ్లు (చలికి తట్టుకునే రకం)
గోధుమ 15 పౌండ్లు
క్రిమ్సన్ క్లోవర్ 8 పౌండ్లు
తెల్ల క్లోవర్ 2 పౌండ్లు

ఓట్స్‌ను జింకలు అన్నిటికంటే ముందు వెతుక్కుని తింటాయి, గట్టి చలి వస్తే మాత్రం అవి చస్తాయి. అప్పుడు గోధుమ నిలబడుతుంది. క్రిమ్సన్ శీతాకాలం చివర నుంచి ఏప్రిల్ దాకా మేతనిస్తుంది. తెల్ల క్లోవర్ మొదటి శరత్తులో కనబడీ కనబడనట్టు ఉంటుంది, రెండో ఏడు నుంచి మడి దానిదే. డ్యురానా అనే రకం జార్జియా విశ్వవిద్యాలయం ఇక్కడి నేలల్లో బతికిన మొక్కల నుంచి తీసింది, మేతను, ఎండను బాగా ఓర్చుకుంటుంది. పశువుల మేతగా బర్సీం పెంచిన వారికి క్లోవర్ కొత్త కాదు, రెండూ ఒక జాతివే.

దుకాణంలో రై అడిగితే రైగ్రాస్ చేతిలో పెట్టే ప్రమాదం ఉంది. రై గోధుమలాంటి ధాన్యం, మంచిదే. రైగ్రాస్ గడ్డి, తనంత తాను విత్తనం రాల్చుకుని ఏటా లేస్తుంది, క్లోవర్‌ను మింగేస్తుంది. చవక మిశ్రమాల్లో బరువు నింపడానికి ఎక్కువగా ఉండేది ఇదే. కొనేముందు సంచి వెనక ట్యాగు చదవండి. అందులో శుద్ధత, జడపదార్థం, మొలక శాతం, పరీక్ష చేసిన నెల ఉంటాయి. క్లోవర్ విత్తనానికి సున్నపు పూత ఉంటే జడపదార్థం 34 శాతం వరకు ఉండొచ్చు. శుద్ధత 65, మొలక 90 అయితే నిజంగా మొలిచేది 58 శాతమే. అప్పుడు 2 పౌండ్ల తెల్ల క్లోవర్ కావాలంటే దాదాపు మూడున్నర పౌండ్లు కొనాలి.

అలాగని రెట్టింపు చల్లకండి. తెల్ల క్లోవర్ పౌండుకు సుమారు 7 లక్షల 75 వేల గింజలు. ఎకరానికి 5 పౌండ్లు చల్లితేనే చదరపు అడుగుకు 90 గింజలు పడతాయి. ఒత్తుగా మొలిచినవి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. టర్నిప్, ముల్లంగి విషయంలో ఇది ఇంకా కచ్చితం: ఎకరానికి 5 పౌండ్లు దాటిన టర్నిప్‌కు దుంపే ఊరదు. మీ మడిలో వాటిని ఈ ఏడాది వేయొద్దు. వాటిని ఎన్నడూ చూడని జింకలు మొదటి ఏడాది ముట్టకుండా వదిలేయడం తరచూ జరుగుతుంది.

పూత లేని క్లోవర్ విత్తనానికి రైజోబియం కల్చర్ తప్పనిసరి. క్రిమ్సన్, తెల్ల క్లోవర్ రెండింటికీ పనికొచ్చే ప్యాకెట్టే అడగండి. అలసందకు వాడేది క్లోవర్‌కు పనికిరాదు. ప్యాకెట్టు మీద గడువు తేదీ చూడండి, కారు డిక్కీలో ఎండలో వదలకండి, అది బతికున్న బాక్టీరియా. పట్టించిన విత్తనం ఆ రోజే చల్లాలి, ఎరువుతో కలిపి ఒకే డబ్బాలో పోయకూడదు. ఎరువులోని ఉప్పు దాన్ని చంపుతుంది.

విత్తే తేదీ మధ్య జార్జియాకు సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య వరకు. ఇంకా ముందు వేస్తే మేత ముందొస్తుందని ఆశపడకండి. వేసవి చివర్లో కత్తెర పురుగు ఉధృతి ఎక్కువ. 2018లో భారతదేశానికి వచ్చి మన మొక్కజొన్నను పీడిస్తున్న ఆ పురుగుకు పుట్టిల్లు అమెరికా ఖండాలే. లేత గోధుమ, ఓట్స్‌ను నాలుగైదు రోజుల్లో నేలమట్టం చేస్తుంది, చూసినవాళ్లు జింకలు తిన్నాయనుకుంటారు. పొద్దున్నే మంచు ఆరకముందు మోకాళ్ల మీద కూర్చుని చదరపు అడుగులో లెక్కపెట్టండి. మూడు, అంతకు మించి ఉంటే మందు కొట్టాలి, అదీ పురుగు అర అంగుళం లోపు ఉన్నప్పుడే. అది తినేదాంట్లో ఎక్కువ భాగం చివరి కొద్ది రోజుల్లోనే తింటుంది, పెద్దదయ్యాక కొట్టినా పంట మిగలదు.

తేదీ కంటే వాన ముఖ్యం. ఈ ప్రాంతంలో అక్టోబరు అతి పొడి నెల. చిన్న జల్లుకు క్లోవర్ మొలిచి, ఆ తర్వాత పది రోజులు ఎండ కాస్తే మొత్తం పోతుంది. కనీసం ముప్పాతిక అంగుళం వాన రెండు మూడు రోజుల్లో ఉందని తేలేదాకా విత్తనం షెడ్డులోనే ఉంచండి.

విత్తే వరస తప్పితే ఇంతవరకూ చేసిందంతా పోతుంది. నేల పైపైన గీకండి. ఓట్స్, గోధుమ చల్లండి. ఏటీవీ (పొలాల్లో తిరిగే చిన్న నాలుగు చక్రాల బండి) వెనక గొలుసు గుంటక లాగి అంగుళం లోతున కప్పండి. ఇప్పుడు రోలర్ తిప్పండి, లేకపోతే ఏటీవీ చక్రాలతోనే మడి అంతా పక్కపక్కనే తొక్కించండి. బూటు పెట్టి చూస్తే మడమ పావు అంగుళం కంటే ఎక్కువ దిగకూడదు. ఆ తర్వాతే క్లోవర్ చల్లి, ఇంకోసారి రోలర్ తిప్పి ఆపేయండి. క్లోవర్ పావు అంగుళం కంటే లోతుకు పోతే పైకి రాదు. అన్నీ కలిపి ఒకేసారి చల్లి గుంటక లాగేవాళ్లకు గోధుమ వస్తుంది, క్లోవర్ రాదు, విత్తనం బాగాలేదంటారు. క్లోవర్ చల్లేటప్పుడు పొడి ఇసుక కలిపి, సగం విత్తనం నిలువునా, మిగతా సగం అడ్డంగా నడుస్తూ చల్లితే చారలు పడవు.

విత్తిన రోజే 4 అడుగుల ఎత్తు కంచె తీగతో 3, 4 అడుగుల అడ్డకొలత ఉన్న బుట్ట ఒకటి చేసి మడి మధ్య బిగించండి. బుట్టలో అడుగెత్తు పంట, బయట బోడి నేల ఉంటే జింకలు తింటున్నాయి, పంట బాగానే ఉంది. లోపలా బయటా ఒకేలా పసుపుగా ఉంటే తప్పు నేలది. ఈ బుట్ట లేని మడి గురించి ఎవరూ ఖచ్చితంగా ఏమీ చెప్పలేరు.

అక్టోబరులో మడి పచ్చగా ఉండి జింకలు రాకపోతే కంగారు పడకండి. వైట్ ఓక్ కాయలు రాలే కాలం అది, కాపు బాగున్న ఏడు జింకలు మడి వైపు చూడవు. కాయలు అయిపోయాక వస్తాయి.

మంచె ఎక్కడ కట్టాలన్నది గాలిని బట్టి. కొత్త చలిగాలులు తెచ్చే కోల్డ్ ఫ్రంట్ దాటాక ఇక్కడ గాలి వాయవ్యం నుంచి వీస్తుంది, కాబట్టి మడికి ఆగ్నేయపు వైపు మొదటి మంచె. సాయంత్రం గాలి నిలిచాక చల్లబడి పల్లంలోకి జారుతుంది. జింకలు పడుకునే పొద కిందివైపు ఉంటే మీ వాసన నేరుగా వాటి దగ్గరికి పోతుంది. అసలు కష్టం దిగేటప్పుడు. చట్టం సూర్యాస్తమయం తర్వాత అరగంట వరకే వేటకు అనుమతిస్తుంది, ఆ వేళకు మడిలో నాలుగు జింకలుంటాయి. రెండుసార్లు మీరు దిగడం చూశాయంటే ఆ తర్వాత చీకటి పడ్డాకే వస్తాయి. మడిలో నడవకుండా వెనక నుంచి దిగే దారి ముందే కొట్టి పెట్టుకోండి. దారి పక్కన మేలో ఈజిప్షియన్ వీట్ చల్లితే మనిషిని మించి పెరిగి తెరలా నిలుస్తుంది. పేరు గోధుమదైనా అది జొన్న జాతి. గాలి అనుకూలంగా లేని రోజు ఆ మంచె ఎక్కకపోవడమే మంచిది.

చట్టం సంగతి కూడా. హెచ్-1బీ, ఎల్-1, ఎఫ్-1 వంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవారు తుపాకీ, తూటాలు దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు అందుకు ఒక మినహాయింపు, లైసెన్సు గడువుతో అదీ ముగుస్తుంది. కొనేముందు న్యాయవాదితో మాట్లాడండి. 1961 జనవరి 1న గానీ తర్వాత గానీ పుట్టినవారు జార్జియాలో లైసెన్సుకు ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. తుపాకీ సీజనులో నడుముకు పైన 500 చదరపు అంగుళాల మెరిసే నారింజ రంగు ధరించాలి. అదే మడిలో గువ్వలను వేటాడాలనుకుంటే జాగ్రత్త: సాగుకు అవసరమైన దానికి మించి గోధుమ చల్లిన నేలను ఫెడరల్ నిబంధనలు ఎర వేసిన చోటుగా చూస్తాయి, గింజ పూర్తిగా పోయాక కూడా 10 రోజుల దాకా. ఇదంతా అమెరికాకు మాత్రమే. ఇక్కడ చదివి ఊళ్లో తోట పక్కన ప్రయత్నించేవారెవరైనా ఉంటే, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద భారతదేశంలో జింక వేట శిక్షార్హం.

మార్చిలో క్లోవర్ మధ్య గడ్డి లేస్తుంది. అది నాలుగైదు అంగుళాలున్నప్పుడే క్లెథోడిమ్ అనే గడ్డి మందును క్రాప్ ఆయిల్‌తో (మందును ఆకుకు పట్టించే నూనెతో) కలిపి కొట్టండి. గడ్డిని మాత్రమే చంపుతుంది, గోధుమ, ఓట్స్ కూడా పోతాయి, ఆ సమయానికి వాటి పని అయిపోయింది. ఫలితం కనబడటానికి రెండు మూడు వారాలు పడుతుంది, ఆగలేక మళ్లీ కొట్టకండి. వెడల్పాకు కలుపుకు 2,4-డీబీ వాడాలి. చివరి అక్షరం మరిచి 2,4-డీ తెచ్చి కొట్టి క్లోవర్ మొత్తం పోగొట్టుకున్న మడులున్నాయి, సీసా రెండుసార్లు చదవండి. క్రిమ్సన్ మేలో గింజ కట్టి రాల్చేదాకా మొవర్ పెట్టకండి, ఆ గింజే శరత్తులో మళ్లీ మొలుస్తుంది. తర్వాత 6 నుంచి 8 అంగుళాల ఎత్తులో కోయండి. జూలై, ఆగస్టు ఎండల్లో తెల్ల క్లోవర్ వాడిపోయినట్టు కనిపిస్తే కోత ఆపండి, చచ్చిందని దున్నేయకండి. సెప్టెంబరు వానకు కింది తీగల నుంచి లేస్తుంది. అప్పుడు మడిని దున్నకుండానే పైన 15 పౌండ్ల ఓట్స్, 15 పౌండ్ల గోధుమ చల్లి, వానకు ముందు రోజు 4 అంగుళాల ఎత్తున కోసి వదిలితే కోసిన ఆకే కప్పుగా పనిచేస్తుంది. ఇలా పైన చల్లినప్పుడు మొలక తగ్గుతుంది కాబట్టి గింజ పావు వంతు ఎక్కువ వేయండి. మట్టి పరీక్ష మాత్రం రెండు మూడేళ్లకోసారి మళ్లీ చేయించాలి, వానలు ఎక్కువగా కురిసే ఈ నేలలో పీహెచ్ ఏటా కాస్త కాస్త దిగుతూనే ఉంటుంది.